తోడేలుకు మా వారి మొహం

జగ్గయ్యపేట,
6 ఆగస్టు 1979.

ఈరోజు పనులు: నీళ్లు తోడటం, గేదెను పితకడం, పప్పు రుబ్బడం, బట్టలు. అన్నీ నేనే. ఎన్నికల మాటలకు వచ్చినవాళ్లకు కాఫీలు: మధ్యాహ్నం దాకా రాసుకున్నాను, తర్వాత లెక్క తప్పింది.

నందిగామలో ప్రెస్సు పెట్టి, పిల్లల బొమ్మల కథల మాసపత్రిక నడుపుతున్న వరప్రసాదరావు గారికి నమస్కారం.

ఈ నెల మీ పత్రిక చూశాను. ఇన్నాళ్లూ ఎవరి కథలో వాళ్లు తిరిగిన మీ వీరులిద్దరూ, ఉక్కురెక్కల వీరుడూ మెరుపు నాగన్నా, ఈసారి ఒకే కథలో కలిశారు. సంతోషం. కపాలఘోషుడనే దుష్ట మాంత్రికుడు ఒక అమాయకుణ్ణి పౌర్ణమి పౌర్ణమికీ తోడేలుగా మార్చి ఊరిమీద వదులుతుంటే వీళ్లిద్దరూ పట్టుకోవాలి. అదీ బాగానే ఉంది. కాని ఆ తోడేలు మొహం మా వారిది.

పోయినసారి ఎన్నికలకు మీ దగ్గరే కరపత్రాలు కొట్టించారు. మీ తోడేలుది ఆ కరపత్రంలోని ఫోటోయే. ఫోటో దిగేముందు చొక్కా పై బొత్తాం ఊడితే ఇంకో రంగుది నేనే కుట్టాను. మీ తోడేలుకీ ఆ బొత్తామే ఉంది.

మా వారు జగన్నాథరావు గారు ఈసారీ రైతుల సంఘం అధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఎన్నిక దగ్గర పడింది. ఆయన బజారుకు వెళితే పిల్లలు "తోడేలు మామయ్యా, ఒక్కసారి ఊళ వెయ్యవా!" అని వెంటపడుతున్నారు. పెద్దవాళ్లు కండువా అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. దయచేసి ఆయన్ను ఆ కథలోంచి తీసెయ్యండి.

ఇట్లు,
పుష్పవతి.

తా.క. మాంత్రికుడి మొహం మా వారికి పోటీగా నిలబడ్డ బసవయ్య గారిది. "తోడేలునైతే అయ్యాను, ఆ బసవయ్య కాళ్లు నాకడమేంటే?" అని మా వారు కంచం ముందు కూర్చుని అరుస్తున్నారు.


నందిగామ,
11 ఆగస్టు 1979.

శ్రీమతి పుష్పవతి గారికి,

అమ్మా, మీ ఉత్తరం చదివి మా ప్రెస్సంతా పొంగిపోయింది. బొత్తాం కూడా కనబడిందంటే మా అచ్చు ఎంత స్పష్టంగా ఉందో చూడండి!

మొహం అచ్చెయ్యడానికి లోహపు బ్లాకు చేయించాలంటే ఫోటో బెజవాడ పంపాలి. కథకో కొత్త మొహం చేయించే స్తోమత మాకు లేదు. అందుకని బాకీ తీర్చకుండా వెళ్లిన వాళ్ల బ్లాకులు మా దగ్గరే ఉంచుకుని కథల్లో వాడుకుంటాం. బాకీ కట్టినవాళ్లకు బ్లాకు తిరిగి ఇచ్చేస్తాం, అది మా పద్ధతి. ఉక్కురెక్కల వీరుడు చందర్లపాడు పెళ్లికొడుకు. శుభలేఖలు అచ్చయ్యాక సంబంధం తప్పిపోయింది. మెరుపు నాగన్న మైలవరం వైపు నాటకాల్లో హార్మోనీ వాయిస్తాడు.

మీ బాధ నాకర్థమైంది. అధ్యక్షుడు కాబోయే మనిషి ఒకరి కాళ్లు నాకడం శోభించదు. పై సంచికలో తోడేలు తిరగబడి మాంత్రికుడి మెడ కొరికేస్తుంది. ఇక మీరు నిశ్చింతగా ఉండండి.

భవదీయుడు,
వరప్రసాదరావు.

తా.క. తోడేలు బొచ్చు మా కంపోజిటరు శాంతయ్య సూది పెట్టి బ్లాకు మీద గీకింది. దానికి మీ వారి దగ్గర అదనంగా ఏమీ తీసుకోం.


జగ్గయ్యపేట,
3 సెప్టెంబరు 1979.

ఈరోజు పనులు: మామూలువన్నీ నేనే. బసవయ్య గారి మనుషులు గొడవకొస్తే సర్దిచెప్పి పంపడం అదనం. వాళ్లకీ కాఫీలు.

వరప్రసాదరావు గారికి,

నేను తీసెయ్యమన్నాను. మీరు కొరికించారు.

బసవయ్య గారు మెడకు గుడ్డకట్టు కట్టుకుని వీధి వీధీ తిరుగుతున్నారు. "ఇప్పుడే ఇట్టా కొరికినోడు గెలిస్తే రైతుల్ని బతకనిస్తాడా?" అని ఓట్లు అడుగుతున్నారు. కట్టు కింద ఉన్నది సెగగడ్డ అని వాళ్లావిడ సుబ్బమ్మే నాతో చెప్పింది.

మీ తోడేలు పౌర్ణమికి మారుతుంది. మా వారు ఎన్నికలకు మారతారు. ఏళ్ల తరబడి పలకరించని పక్కవీధి రత్తయ్యను మొన్న కావలించుకుని "బాబాయ్, మోకాలు ఎట్టా ఉంది?" అన్నారు. ఆయన భయపడి లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు. మీరు రాయాలంటే అలాంటివి రాయండి, బొచ్చెందుకు?

చివరిసారి అడుగుతున్నాను. మా ఇంటాయన్ను తోడేలును చెయ్యకండి.

పుష్పవతి.

తా.క. ఈసారి కరపత్రాలు కూడా మీకే ఇచ్చారట. "ఇంత జరిగాక వాళ్లకేనా?" అన్నాను. "పాత బ్లాకు ఉందిగా, చవగ్గా పోద్ది" అన్నారు. నాకు భయంగా ఉంది.


నందిగామ,
8 సెప్టెంబరు 1979.

అమ్మా,

మీ భయం నిజమే అయింది. సూదితో గీకింది బ్లాకు మీద నుంచి పోదు. ఆ సంగతి శాంతయ్యకు ముందు తెలియదు, నాకూ తెలియదు. సిరా బాగా పట్టిస్తే బొచ్చు కొంత మునిగింది గాని, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. కింద నినాదం మీ వారు రాసిచ్చిందే: "రాత్రింబగళ్లు మీకోసం తిరిగే మనిషి". కరపత్రాల కట్టలు బస్సులో వేశాం. చిల్లకల్లులో పంచారని తెలిసింది.

జరిగినదానికి చింతిస్తున్నాను. కథ పై నెలతో ముగిస్తాం. వీరులిద్దరూ కలిసి తోడేలునూ మాంత్రికుణ్ణీ ఒకే దెబ్బకు చంపేస్తారు. మీ మనసు శాంతిస్తుంది.

మీ శ్రేయోభిలాషి,
వరప్రసాదరావు.

తా.క. ప్రాణం పోయేటప్పుడు తోడేలు మళ్లీ మనిషవుతుంది. ఆ బొమ్మకోసం మీ వారు నవ్వుతున్న ఫోటో ఏదైనా ఉంటే పంపగలరు.


జగ్గయ్యపేట,
20 సెప్టెంబరు 1979.

ఈరోజు పనులు: నీళ్లు తోడటం, మా వారు. గేదెను పితకడం, మా వారు. మొదట్లో తన్నింది, ఇప్పుడు ఇద్దరికీ అలవాటైంది. పప్పు రుబ్బడం, మా వారు. రోలు పక్కన కూర్చుని ఉత్తరం రాయడం, నేను. కాఫీ ఒక్కటి. అది నాకు.

వరప్రసాదరావు గారికి,

తోడేలును చంపకండి. కంపోజింగు మొదలుపెట్టి ఉంటే ఆపించండి.

చిల్లకల్లులో తల్లులు ఆ కరపత్రం చూపించి పిల్లలకు అన్నం తినిపిస్తున్నారు. చేలో పందులు రాకుండా కర్రకు కట్టినవాళ్లూ ఉన్నారట. ఆ సంగతి విని మా వారు పోటీ మానుకున్నారు. ఇక బసవయ్య గారిదే గెలుపనుకున్నాం. ఆయన ఓట్లకు వెళితే "మా బుడ్డోడికి జొరం తగ్గట్లేదు, ఓ తాయెత్తు కట్టు సామీ" అని ఆడవాళ్లు చుట్టుముట్టారు. ఆయనా మానుకున్నారు. చివరికి సంఘానికి లూర్దమ్మ అధ్యక్షురాలైంది. సొంతంగా మిరప వేసే మనిషి, ఎరువుల సంగతి తెలుసు. అంతకన్నా ముఖ్యం, ఆమె ఏ ప్రెస్సులోనూ ఫోటో ఇవ్వలేదు.

మా వారు మాత్రం పంతం పట్టారు. "ఆ తోడేలు కథ అయిపోయిందాకా గడప దాటను" అన్నారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక చేద అందుకున్నారు. వరండాలో జనం లేరు, చుట్టల పొగ లేదు. పెళ్లయ్యాక ఇంత ప్రశాంతంగా నేను ఎప్పుడూ భోంచెయ్యలేదు. నిన్న "ఆ కథ ఎప్పటికి అయిపోద్దంటావ్?" అని అడిగారు. "పెద్ద కథలాగే ఉందండీ" అన్నాను.

కాబట్టి వీరులిద్దర్నీ ఏ సముద్రాల అవతలికో పంపి నెమ్మదిగా తిప్పించండి. తోడేలు కొండలెక్కుతుంటుంది, వీళ్లు వెతుకుతుంటారు. మీకూ కొత్త మొహాలు అక్కర్లేదు.

పుష్పవతి.

తా.క. మాంత్రికుణ్ణి కూడా చంపవద్దని సుబ్బమ్మ చెప్పమంది. బసవయ్య గారు ఇప్పుడు దుప్పట్లు ఉతుకుతున్నారట.

మరొకటి. మా వారు మీకు బాకీపడ్డ బ్లాకు డబ్బు మొత్తం ఈరోజే మనియార్డరు చేశాను. మీ పద్ధతి ప్రకారం బ్లాకు తిరిగి పంపుతారేమో. పంపవద్దు, మీ దగ్గరే ఉంచుకోండి. బాకీ చెల్లు.