మైకులో మాట, చెవిలో మాట

ఏప్రిల్ 22, 2014
పొద్దున్నే సత్తయ్య మైకు ఆటో. మా ఇంటి ఓనరు యాదమ్మగారి తమ్ముడు. ఎన్నికల్లో ఎవరు కిరాయికి పిలిస్తే వాళ్ల గొంతు. ఇవాళ — "రాష్ట్రం వచ్చినా ఎవ్వరికీ భయం లేదు, అందరం అన్నదమ్ముల్లా ఉందాం!" ఉప్పల్ అంతా మోగిపోయింది. మేం కోస్తావాళ్లం, ఆ మాట మాకోసమే. ఒక్క ముక్క నమ్మలేదు. కిరాయి మాట.

ఏప్రిల్ 24
సాయంత్రం అదే సత్తయ్య, గోడ పక్కన నిలబడి, గొంతు తగ్గించి — "అక్కా, జూన్ తర్వాత మీ దిక్కోళ్లతోని ఇండ్లు ఖాళీ జేపిస్తరంటున్రు. జర పైలం." అతని కళ్లలో నీళ్లు. దీనికి అతనికి ఎవరూ కిరాయి ఇవ్వలేదు. వెంటనే నమ్మేశాను.

ఏప్రిల్ 25
ఈయనకు చెప్పాను. "నేను అనుకుంటూనే ఉన్నా. చూశావా, ఇక్కడివాళ్లే చెబుతున్నారు." నాచారం ఫ్యాక్టరీ మానేసి గుడివాడ పోదామంటారు. పిల్ల పదో తరగతి? ఇన్నేళ్ల కాపురం? నాకు వెళ్లాలని లేదు. లేదంటే లేదు.

ఏప్రిల్ 29
ప్రచారం బంద్. వీధి నిశ్శబ్దం. మైకుకి ఆఖరి రోజంటూ ఉంటుంది. చెవిలో మాటకి లేదు...

మే 4
ఉండబట్టలేక సత్తయ్యను నిలదీశాను — నీకెవరు చెప్పారు? తల గోక్కున్నాడు. "ఇంకెవరక్కా, మీ ఇంటాయన, బావనే. నాచారంల చాయ్ కాడ అడిగిండు, 'జూన్ తర్వాత మమ్మల్ని ఉండనివ్వరంటగా సత్తయ్యా?' అని. బావ ఊకెనే అడుగుతడా? నిజమే అనుకున్న."
నవ్వాలా, ఏడవాలా! ఈయన భయపడి అడిగింది అతను ప్రేమకొద్దీ నాకు చేరవేశాడు. నేను మోసుకెళ్లి మళ్లీ ఈయనకే అప్పజెప్పాను. మైకు వెనక పార్టీ ఉంటుంది, తిట్టుకోవచ్చు. దీనికి ఎవర్ని తిట్టను?

మే 5
ఈయనకు మొత్తం చెప్పాను. ముద్ద కలుపుతూ విన్నారు. తర్వాత — "నేనొక్కణ్ణే అడిగానా? ఫ్యాక్టరీలో మనవాళ్లంతా అడుగుతున్నారు." అన్నం సగంలో లేచారు. వార్త నిజం కాకపోయినా భయం నిజమే కదా, పాపం. కోపం రాలేదు.

మే 7
యాదమ్మగారు వచ్చి గడప మీద కూర్చున్నారు. కొంగు నోటికి అడ్డం. "ఏందమ్మా, ఖాళీ జేసి పోతున్నరంట గదా? నాకొక్క మాట జెప్పకపోతిరి. మేమేమన్న అన్నమా?"
మేం ఎవరికీ చెప్పలేదు. నాలుగు గోడల మధ్య మాట.
అబద్ధం అని ఖండించబోయాను. లోపల గదిలో ఈయన అటక మీది పెట్టె దించుతున్న చప్పుడు...
ఆవిడ ఇంకా అక్కడే కూర్చుని నా మొహం చూస్తున్నారు.