సొరంగం అవతల మంచు

మనాలి,
మే 14.

సెంటినరీ కాలనీలో ఉన్న నర్సింగం బావకు, పోశం నమస్తే పెట్టి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం, నేను తప్ప. బొగ్గుబాయిలో షాట్‌ఫైరింగ్ మందు పేల్చి పేల్చి నీ చెవులు పోయాయి కాబట్టి ఫోన్‌లో అరవలేక కాగితం మీద రాసి ఫొటో పంపుతున్నాను. అరవడానికీ లేదు, గోడ అవతల మీ చెల్లె ఉంది.

బావా, ఈ కొండలను ఎట్లా చెప్పను! మా బిడ్డ మమత కారు నడుపుతుంటే పొద్దంతా మలుపు మీద మలుపు. ఒక కొండ అయిపోయిందనుకుంటే దాని వెనక దాని తాత లేస్తాడు. మన దగ్గర ఓపెన్‌కాస్టు గనుల మట్టి పోసిన గుట్టలే చూసిన మీ చెల్లె కిటికీలోంచి తల బయటపెట్టి, "గింత మట్టి ఎవలు పోసిండ్రు? గిది ఏ ఓపెన్‌కాస్టుది?" అంది. మమత నవ్వింది. నేనూ నవ్వబోయి పైకి చూసి, దండం పెట్టాను.

అసలు సంగతి విను. మంచు చూడాలంటే రేపు తొమ్మిది కిలోమీటర్ల సొరంగంలోంచి పోవాలి. మంచు ముట్టుకోవాలని మీ చెల్లెకు ఏళ్లనాటి కోరిక. నాకేమో సొరంగం మాట వింటేనే చెమటలు. బాయిలో రూఫ్ కూలిపడి మనిద్దరం పదకొండు గంటలు బండల వెనక చిక్కుకున్న రోజు మరిచిపోతామా? ఇంట్లో "ఓవర్‌టైం పడ్డది" అని చెప్పాం, ఇరవై రెండేళ్లుగా ఆ మాట మీదే ఉన్నాం. ఇప్పుడు భయమంటే ఎందుకని అడుగుతుంది. జల్ది ఒక ఉపాయం చెప్పు.

నీ పోశం

తా.క.: కడుపునొప్పి అని చెప్పి చూశాను. వాము నమిలించి, పొద్దున ఆరింటికి తయారుగా ఉండమంది.


సెంటినరీ కాలనీ,
మే 14, సాయంత్రం.

భయపడుతున్న పోశం బావకు, భయమెరుగని నర్సింగం ధైర్యం చెప్పి రాసేది.

ఇంత చిన్నదానికి ఫికర్ ఎందుకు? "రూఫ్ బాగలేదు" అను. మన బాయిలో ఆ మాట అంటే షిఫ్టు షిఫ్టే ఆగేది కదా. ఊరికే అంటే నమ్మరు. చేతికర్రతో బండను తట్టు, చెవి పెట్టి విను, తల అడ్డంగా ఊపు. మిగతాది వాళ్లే చూసుకుంటారు.

ఇట్లు
నర్సింగం

తా.క.: నాకూ భయమే అనుకునేవు. కరీంనగర్‌లో కొడుకింటికి అయిదంతస్తులు మెట్లెక్కేది షుగర్ తగ్గడానికే. లిఫ్టుకూ దానికీ సంబంధం లేదు.


మనాలి,
మే 15.

సలహాలిచ్చి ముంచిన బావకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. సొరంగం ముందు కారు ఆపించి, పక్కనున్న బండను తట్టి, చెవి పెట్టి, తల అడ్డంగా ఊపాను. వెనక నలభై కార్లు ఆగాయి. యూనిఫాం వేసుకున్న ఒకాయన ఉరికొచ్చి, నా చెయ్యి పట్టుకుని ఆఫీసు గదిలోకి తీసుకుపోయాడు.

(రెండో పేజీ)

కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. ముప్ఫై నాలుగేళ్లు బొగ్గుబాయిలో చేశానని నాకొచ్చిన హిందీలో చెప్పగానే లేచి సెల్యూట్ కొట్టాడు. అంత అనుభవం ఉన్న పెద్దమనిషి లోపలికొచ్చి చూస్తే తమకు గౌరవమట, రేపు పదింటికి తానే దగ్గరుండి తీసుకుపోతాడట! మీ చెల్లె పొంగిపోయి హోటల్లో అందరికీ చెప్పింది. ఇక తప్పించుకునే దారి లేదు. బండ ఎట్లుందంటావా, కంచు మోగినట్టు మోగింది. అంత గట్టి రాయిని సర్వీసు మొత్తంలో తట్టలేదు.

నీ పోశం

తా.క.: ఇదేదో ఇక్కడి మొక్కు అనుకుని వెనక కార్లవాళ్లు సగం మంది దిగి బండను తట్టారు. ఇద్దరు కొబ్బరికాయ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.


సెంటినరీ కాలనీ,
మే 16.

పోలీసుల చేతిలో ఉన్న పోశం బావకు,

ఒక్క పేజీనే వచ్చింది, అదే చాలు. యూనిఫాం ఆయన నీ చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడని చదివి చెప్పుల్లేకుండా ఉరికాను. పక్కింటి సదయ్యను వెంటబెట్టుకుని పెద్దపల్లి పోయి వకీలును కలిశాను. నువ్వు నోరు విప్పకూడదట, మతి నిలకడ లేదని చెబుతాడట. దానికి సాక్ష్యంగా కాలనీలో పన్నెండు మంది సంతకాలు పెట్టారు. నలుగురైతే నేను అడగకముందే పెట్టారు.

గుండె రాయి చేసుకున్న
నర్సింగం

తా.క.: మా చెల్లెకు ఈ సంగతి ఎట్లా చెప్పావు? ఏమీ తోచకుంటే ఓవర్‌టైం అని చెప్పు.


సొరంగం అవతల,
మే 17.

నర్సింగం బావకు, మతి నిలకడ లేని పోశం మంచులోంచి రాసేది.

నన్నెవరూ పట్టుకోలేదు. రెండో పేజీ మళ్లీ పంపుతున్నాను, చదివి ఆ సంతకాలు చింపెయ్యి.

నిన్న పోయాను బావా. ముందు సీట్లో మమత పక్కన ఆ అధికారి, వెనక మీ చెల్లెతో నేను. లోపల దీపాలు, గాలి, రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. అయినా నేను కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టాను. ఆరొందలు దాటాక రెప్పల మీద వెలుగు తగిలింది.

తెరిస్తే అంతా తెలుపు. కింద తెలుపు, పైన తెలుపు, కొండ ఎక్కడ ఆగి మబ్బు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ముప్ఫై నాలుగేళ్లు నలుపు చూసిన కళ్లు తట్టుకోలేక నీళ్లు కార్చాయి. భూమి లోపల ఎంతుందో మనకు తెలుసనుకున్నాం, పైన ఇంత ఉందని ఎవరూ చెప్పలేదు. సిగ్గు విడిచి మంచు మీద సాగిలపడ్డాను.

మీ చెల్లె మాత్రం మంచు వైపు చూడలేదు. వెనక్కి తిరిగి సొరంగాన్నే చూస్తోంది.

"ఏందే, మంచు గిటుంది" అన్నాను.

"ఆ దినం గూడ బాయి దిక్కు గిట్లనే చూసుకుంట నిలబడ్డ."

"ఏ దినం?"

"మీ ఓవర్‌టైం దినం."

పదకొండు గంటలూ బాయి గేటు దగ్గరే ఉందట బావా. మనం బయటికి రావడం చూసి, నాకంటే ముందు ఇల్లు చేరాలని ఉరికిపోయి పొయ్యి మీద అన్నం పెట్టిందట. "నాకు ఎరుకైందని తెలిస్తే తెల్లారి నువ్వు డ్యూటీకి ఎట్ల పోతవు?" అంది. ఇన్నేళ్లూ నేను దాచాననుకున్నాను. ఆమె చేతిలో ఇంత మంచు పెట్టి, అందరి ముందూ ఏడ్చాను.

ఇప్పుడు చిక్కేమిటంటే, "నేను మల్ల ఆ సొరంగంల అడుగువెట్ట" అని మొండికేసింది. కొండ మీది పాత దారి మంచు కరిగితే గానీ తెరవరట, పది రోజులో పదిహేను రోజులో. ఇక్కడే ఒకరింట్లో గది తీసుకున్నాం. మమత సెలవు పొడిగించమని రాసి తల పట్టుకుంది. నాకైతే ఏ తొందరా లేదు.

నీ పోశం

తా.క.: ఆ రోజు గేటు దగ్గర నువ్వు సొంత చెల్లెను గుర్తుపట్టక, "అవ్వా, జర జరుగు" అని తోసుకుంటూ పోయావట. అప్పుడామెకు ముప్ఫై రెండేళ్లు. జవాబు నన్ను కాదు, ఆమెను ఉద్దేశించి రాయాలట.