ఆడికృత్తిక మజ్జిగ

రాజమ్మా,

నువ్వు లేని మొదటి ఆడికృత్తిక ఇది. తిరుత్తణి కొండ మీది గుడికి మొక్కు కావళ్ళు మోసుకుపోయేవాళ్ళ కోసం నీలాగే వాకిట్లో మజ్జిగ కుండ పెట్టాను.

కేన్సరు నొప్పితో నువ్వు పడ్డ బాధ చూసినవాణ్ణి. గంజాయిని మందుగా ఇవ్వనివ్వాలని మొన్న ఊరి సభలో మైకు పట్టి చెప్పాను. అప్పటినుంచి మన ఊరివాళ్ళు మన ఇంట ఏదీ ముట్టడం లేదు.

"దీంట్లో ఏం కలిపినావు మామా?" అన్నాడు పక్కింటి మునస్వామి. వాడి ముందే ఒక గ్లాసు తాగి చూపించాను.

"మామకి అలవాటే గదా!" అన్నాడు. అందరూ నవ్వారు.

మీ అన్న గడప దాకా వచ్చి, "ఇంక ఆ మాట ఎత్తనని చెప్పు బావా, తాగుతారు" అన్నాడు.

రేపు తిరువళ్ళూరులో ఇదే మాట చెప్పమని ఇంకో సభకి పిలిచారు. రానని చెప్పలేదు. ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాను. కావళ్ళు ఇంకా వస్తూనే ఉన్నాయి. కుండ లోపల పెట్టలేదు.