రేవులో కుర్చీ

రేవు కాపలా దళాల పైఅధికారి గారి సముఖమునకు,
పాత పడవల రేవు సరంగు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: టిక్కెట్ల షెడ్డు ముందు కుర్చీలో కూర్చోబెట్టిన అవతలి ఒడ్డు సిపాయి శవాన్ని దింపి, ఆనవాయితీ ప్రకారం నది దాటించుటకు అనుమతి కోరుట గురించి.

సూచిక: ఇదే విషయమై నా వెనుకటి అర్జీ, దానికి తమ కార్యాలయం వారి జవాబు.

1. పై జవాబులో, సదరు కుర్చీ రేవు శాఖ సామాను కనుక వాపసు కోసం ఆ శాఖ వారినే అడగవలసిందని సెలవిచ్చారు. నేను కుర్చీని అడగలేదు. కుర్చీలో ఉన్న మనిషిని అడిగాను. నా రాతలో స్పష్టత లేకపోయి ఉంటే మన్నించి, ఈసారి విడమరచి రాస్తున్నది చదవ ప్రార్థన.

2. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఈ రేవులో ఒక పద్ధతి నడుస్తున్నది. దానికి ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఎవరూ కాదనలేదు. అవతలివాళ్ళ శవం మన ఒడ్డుకు కొట్టుకొస్తే మొహం కడిగి, గుడ్డ కప్పి, వెదురు తెప్ప మీద కట్టి, ఇసుక మేట మలుపులో వదులుతాను. అక్కడి వడి దాన్ని అవతలి రేవుకు చేరుస్తుంది. మనవాడు వాళ్ళకు దొరికితే అదే తెప్ప మీద ఎగువ నుంచి పంపుతారు. తెప్ప ఒక్కటే. అవతల దాన్ని పట్టుకునేవాడెవడో నాకు తెలియదు. ముడి వేసిన తీరు చూసి, ఒకప్పుడు నాతో పడవ నడిపినవాడే అయి ఉంటాడనుకుంటాను.

కిందటిసారి వచ్చినవాడు మన వంట సిపాయి. చొక్కా గుండీ ఊడితే కుట్టి పంపారు. దారం రంగు వేరుగా ఉందని వాళ్ళ అమ్మ చూసి చెప్పింది. ఆ గుండీ పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

తెప్ప ఇప్పుడు మన ఒడ్డున ఉన్నది. అంటే వంతు మనది.

3. ఈ శవాన్ని నీళ్ళలోంచి తీసినవాణ్ణి నేనే. ఒంటి మీద గాయం లేదు, మునిగిపోయినవాడు. కప్పడానికి గుడ్డ కోసం ఇంటికి వెళ్ళి వచ్చేసరికి, కొత్తగా వచ్చిన దళం వారు వాణ్ణి టిక్కెట్ల కుర్చీలో కూర్చోబెట్టి నడుముకు తాడు బిగించారు. నోట్లో సిగరెట్టు, కళ్ళకు నల్లద్దాలు పెట్టారు. అవతలివాళ్ళకు కనబడేలా నదివైపు తిప్పి, పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఇదేమిటి బాబూ అని సార్జంటు గారిని అడిగాను.

“చచ్చినవాడి కళ్ళు చేరడేసి అంటారుగా పెద్దాయనా. అంతంత కళ్ళకి ఎండ తగలకూడదని అద్దాలు పెట్టాం.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతానేమోనని నావైపు చూశారు.

4. ఇది సార్జంటు గారి మీద ఫిర్యాదు కాదు. వారి స్నేహితుడు మందుపాతర మీద కాలు వేశాడట. సంచిలో ఏరుకుని తెచ్చామని, వాడి మీద ఎవడు గుడ్డ కప్పాడని నన్ను అడిగారు. ఆ కోపం న్యాయమైనదే. తుపాకీ పట్టుకుని ఎదురు నిలబడ్డవాడి మీద అయితే అది యుద్ధం. కుర్చీలో ఉన్నవాడు ఈగను కూడా తోలుకోలేడు. దళంలోని కుర్రవాళ్ళు వస్తూ పోతూ వాడి చెంప మీద ఒకటి వేసి పోతున్నారు. మొదట్లో మొహం తిప్పుకుని పోయినవాళ్ళు కూడా ఇప్పుడు కొడుతున్నారు. అలవాటుగా, గడప దాటేటప్పుడు తలుపు దగ్గరికి వేసినట్టు. వీళ్ళందరూ రేపు ఇళ్ళకు తిరిగి వెళ్ళవలసినవాళ్ళు.

5. కుక్కలు షెడ్డు దాకా వస్తున్నాయి. మా ఇంటిది వెళ్ళి శవం మొహం మీద తువాలు కప్పింది. కాపలావాడు తీసి, మడిచి, ఆమె చేతికే ఇచ్చాడు. ఆర్డరు లేదమ్మా అన్నాడట. మంచి పిల్లవాడే.

6. ఇందులో నా సొంత అవసరం కూడా ఉన్నది. మా అబ్బాయి తమ సైన్యంలోనే సిపాయి. ఎగువన నది దాటి వెళ్ళిన జట్టులో ఉన్నాడు. తిరిగి వచ్చినవాళ్ళు, అవతలి గట్టు మీద వాడు పడ్డాడన్నారు. పోయాడని మాత్రం అనలేదు. ఏ స్థితిలో ఉన్నా ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నాడు. మా ఇంటిది వేరే మాట మాట్లాడడం లేదు.

“వీడి ఒంటికి మనం చేసిందే అక్కడ మనవాడి ఒంటికి జరుగుతుంది. ముందు వీణ్ణి పంపండి.”

నదిలో నీరు తీస్తున్నది. మేట తేలితే తెప్ప మలుపు తిరగదు.

కావున తమరు దయతో, శవాన్ని కుర్చీలోంచి దింపుకోవడానికి నాకు అనుమతి, దాన్ని మలుపు దాకా తీసుకుపోయేటప్పుడు ఎవరూ నవ్వకుండా ఉండేలా సార్జంటు గారికి ఒక్క ఉత్తర్వు ఇప్పించగలందులకు ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
రేవు సరంగు

తా.క. ఇది కవరులో పెడుతుండగా మా ఇంటిది కేక వేసింది. అవతలి రేవులో, సరిగ్గా మన షెడ్డుకు ఎదురుగా, ఎవరో కుర్చీ వేసి మనవైపు తిప్పి పోయారు. సార్జంటు గారు దుర్భిణీ పెట్టి చూశారు. మొదట నవ్వబోయారు. తరువాత దుర్భిణీ నాకిచ్చి, మన కుర్చీలోవాడికి కట్టిన తాడు తనే విప్పుతున్నారు. ముడి రావడం లేదు. నేను వెళ్ళి విప్పాలి. అనుమతి తరువాత పంపండి సారూ, పంపకపోయినా సరే.

అవతలి కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. పక్కన తాడు చుట్ట పెట్టారు.