మీ నాన్న ట్రక్కులో తీసినవి, ఉంచినవి

డబ్లిన్, కాలిఫోర్నియా
9 నవంబరు 2025, ఆదివారం

చిరంజీవి నిధికి,

ఫణి అంకుల్, శశికళ ఆంటీ దీవెనలు. మేమిద్దరం బాగానే ఉన్నాం. నా మోకాళ్లూ ఆవిడ కోపమూ రెండూ ప్రస్తుతానికి అదుపులోనే ఉన్నాయి. ప్లెయిన్స్‌బరోలో చలి మొదలైందనీ, నువ్వూ కౌస్తుభ్ పెళ్లి పనుల్లో పడి వేళకు తినడం లేదనీ విన్నాం. పనులు ఎలాగూ తెమలవు, తిండి మానకండి.

నువ్వు ఫోన్లో అడిగిన దానికి జవాబు ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ ఫోన్లో మాట దాటెయ్యడం నాకు బాగా అలవాటు, కాగితం మీద అంత తేలిక కాదు. మీ అమ్మ నీకు తెలుగు చదవడం నేర్పింది కాబట్టి కూడబలుక్కునైనా చదువుతావు. తొందరేమీ లేదు, మెల్లగానే చదువు.

నీ పెళ్లిలో మేమిద్దరం పీటల మీద కూర్చుని కన్యాదానం చెయ్యాలన్నావు. అమ్మ లేదు కాబట్టి నాన్న ఒక్కడూ కూర్చోవడం పద్ధతి కాదట, దంపతులే కూర్చోవాలట. ఆ పద్ధతిని నువ్వు అడ్డం పెట్టుకున్నావని నాకు తెలుసమ్మా. ఇక్కడి గుళ్లో పంతులుగారిని అడిగాను. భార్య పోయిన తండ్రి కన్యాదానం చెయ్యడానికి దారి ఉందనీ, కావాలంటే తానే వచ్చి చేయిస్తాననీ అన్నారు. నీ అసలు కారణం అది కాదు. పదహారేళ్ల కిందట ట్రక్కు లైట్లు వేసి వదిలేసి, బ్యాటరీ చచ్చిపోయి, నిన్ను అమ్మ కడచూపుకి పావుగంట ఆలస్యంగా చేర్చిన మనిషి ఆ పీట మీద కూర్చోవడం నీకు ఇష్టం లేదు. ఆ ఉదయం ఫోన్ చెయ్యగానే పరుగెత్తుకొచ్చి మిమ్మల్ని కార్లో ఎక్కించుకున్నవాణ్ణి నేను. అందుకని పీట నాకు ఇస్తున్నావు.

నువ్వు అడిగావని చెప్పగానే శశికళ ఆనందంతో ఏడ్చింది. ఏ చీర కట్టుకోవాలో కూడా ఆ పూటే తేల్చేసింది. నాకు మాత్రం ఆ వారమంతా అన్నం సయించలేదు.

మేం కూర్చోము నిధీ. మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేను అని రాద్దామనుకున్నాను. ఒక కాగితం అలా రాసి చింపేశాను కూడా. ఎందుకు కూర్చోమో చెప్పాలంటే ముందు మీ నాన్న ట్రక్కు సంగతి చెప్పాలి.

ఆ ట్రక్కు కొన్నప్పుడు మేమంతా నవ్వాం. తొంభై తొమ్మిదిలో శాంటా క్లారాలో మాతో పనిచేసే తెలుగువాళ్లందరూ బుద్ధిగా నాలుగు తలుపుల కార్లు కొనుక్కుంటే, మీ నాన్న శ్యామ్‌సుందర్ లివర్‌మోర్‌లో ఒక ముసలి రైతు దగ్గరికి వెళ్లి డెబ్బై ఒకటో సంవత్సరపు పికప్ ట్రక్కు కొనుక్కొచ్చాడు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని నేనే వెక్కిరించాను. మీ అమ్మ రాధారాణి మాత్రం మొదటిరోజే ఎక్కి కూర్చుని, ఇంత ఎత్తు నుంచి చూస్తే ఫ్రీవే కూడా బాగుంది అంది.

మీ అమ్మ పోయాక మీ నాన్న దాన్ని గరాజ్‌లో పెట్టి గుడ్డ కప్పేశాడు, అంతే. నేను రిటైరయ్యాక, ఈ మార్చిలో, దాన్ని మా ఇంటికి చేర్పించి తాళాలు నా చేతిలో పెట్టాడు. ఇంజిన్ పని వేరే మెకానిక్ చూస్తాడట, లోపలి పని నన్ను చెయ్యమన్నాడు. సీట్లు కుట్టించడం, వైర్లు చూడడం నాకు సరదా అని తెలుసు కదా. అప్పుడు వాడన్న మాట ఇది: "లోపల నేను పెట్టినవన్నీ పీకెయ్యి ఫణీ. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చెయ్యి. పిల్ల తలుపు తీస్తే నా చెయ్యి ఎక్కడా కనపడకూడదు."

అది నీకు పెళ్లి కానుక. నీకు చెప్పే ధైర్యం వాడికి లేదు, తీసుకోవంటావని భయం. వద్దన్నా నేను చెప్పేశాను.

పీకెయ్యడం ఎంతసేపు అనుకున్నాను. తీరా మొదలుపెట్టాక తెలిసింది, ఆ బండిలో ఒకరి పని మీద ఒకరు పని చేసి పెట్టారని. సీటు మీద ఉన్నది మీ నాన్న వేయించిన నీలం గుడ్డ. దాని కింద రైతు వేయించిన ఆకుపచ్చ గుడ్డ. ఇంకా కింద పగిలిపోయిన అసలు రెగ్జిన్. నేల మీద పరిచిన కార్పెట్ ఎత్తితే బొచ్చు కార్పెట్ ఇంకొకటి, దాని కింద తుప్పు. రైతు ఏదో రేడియో కోసం పైకప్పుకి బెజ్జం వేశాడు. మీ నాన్న క్యాసెట్ ప్లేయర్ పట్టడం లేదని డాష్‌బోర్డు ఇనుప రేకునే రంపంతో కోసేశాడు. తలుపులకి స్పీకర్ల కోసం పళ్లేలంత బెజ్జాలు. వస్తువు తీసేస్తే వస్తువు పోతుంది గానీ బెజ్జం ఉంటుంది కదా. పాత బళ్లు విడగొట్టి అమ్మే చోటికి నాలుగుసార్లు వెళ్లి, అదే మోడల్ డాష్‌బోర్డు ముక్క కోయించి తెచ్చి వెల్డింగ్ చేయించాను. రంగు వేశాక కూడా దగ్గర్నుంచి చూస్తే అతుకు తెలుస్తుంది. తెలియనీ.

ఒక్కటి మాత్రం మీ నాన్న చెప్పినా తియ్యలేదు. సీటు మధ్యలో నీకోసం బిగించిన బెల్టు. ఆ మోడల్‌కి మధ్యలో బెల్టు రాలేదు. నువ్వు ఇద్దరి మధ్యనే కూర్చుంటానని మొండికేస్తే, వాడు క్యాబిన్ నేలకి బెజ్జాలు వేసి, కింద మందపాటి ఇనుప పలకలు పెట్టి, నాలుగు బోల్టులతో బిగించాడు. ఇంకెక్కడా అంత జాగ్రత్తగా చెయ్యలేదు వాడు. డాష్‌బోర్డు కోసిన చెయ్యీ ఇదీ ఒకటేనంటే నమ్మలేం. నువ్వు తీసెయ్యమంటే అప్పుడు తీస్తాను.

ఇక వైర్ల సంగతి. పాత బండిలో ఏ తీగైనా తెంపే ముందు రెండు కొసలూ ఎక్కడున్నాయో చూసుకోవాలి. ఒక్కో తీగకీ చీటీ కట్టుకుంటూ జూలై అంతా డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నాను. అలా వెళ్లి వెళ్లి, గ్లవ్ బాక్స్ వెనక నల్లటేపు చుట్టిన ఒక సన్నటి ఎర్ర తీగ దగ్గర ఆగాను. ఒక కొస డాష్‌బోర్డు మీద వినాయకుడి ముందున్న చిన్న బల్బుకి. రెండో కొస కీ దగ్గరికి పోలేదు. తిన్నగా బ్యాటరీకి పోయింది.

ఆ బల్బు నీకు గుర్తుండే ఉంటుంది. మీ అమ్మ ఆసుపత్రికి వెళ్లింది ఆ ట్రక్కులోనే. దిగుతూ, నేను మళ్లీ ఇందులో ఇంటికి వచ్చేదాకా స్వామి ముందు దీపం కొండెక్కకూడదు అంది. ఆ సాయంత్రం అమర్చిన బల్బు అది. కీ మీద కలిపితే బండి ఆపగానే దీపం ఆరిపోతుంది. బ్యాటరీకే కలిపితే ఆరదు. అలా కలిపారు. మధ్యలో ఒక ఫ్యూజు లేదు, స్విచ్చు లేదు.

అంత చిన్న బల్బు ఒక్క రాత్రిలో బ్యాటరీని తాగెయ్యలేదు. కానీ ఆ తర్వాత తొమ్మిది రోజులు ట్రక్కు కదల్లేదు. మీ నాన్న కార్లో ఆసుపత్రికి తిరిగాడు. చివరి రాత్రి అమ్మ దగ్గర ఉంటానని మీ పిన్ని ఆ కారు తీసుకెళ్లింది. పొద్దున్న ఏడింటికి పిన్ని ఫోన్ చేసి వెంటనే రమ్మనేసరికి ఇంట్లో మిగిలింది ట్రక్కే. ఈ ఆగస్టులో నేను కొత్త బ్యాటరీ పెట్టి, అదే తీగ, అదే బల్బుతో మళ్లీ చూశాను. ఎనిమిదో రోజున కీ తిప్పితే టక్కుమంది, అంతే. ఇంజిన్ తిరగలేదు.

మీ నాన్న లైట్లు వేసి వదిలెయ్యలేదు నిధీ. నువ్వు పదహారేళ్లుగా నమ్మింది నిజం కాదు. వాడు కూడా అదే నమ్మి, ఇన్నాళ్లూ అదే మోశాడు. నీతో ఒక్కసారి కూడా వాదించలేదంటే కారణం అది. ఆ పీట మీద కూర్చోవలసింది శ్యామ్‌సుందరే. ఇది నా మాటగా తీసుకో.

కౌస్తుభ్‌కి మా ఆశీస్సులు. పెళ్లికి నెలరోజుల ముందు ట్రక్కు మీ ఇంటి ముందుంటుంది. ఈ లోపల బెల్టు సంగతి చెప్పు.

ఎప్పుడూ నీ మంచి కోరే,
ఫణి అంకుల్

తా.క.: సంతకం పెట్టి కవరు అంటించబోతుంటే శశికళ ఉత్తరం లాక్కుని చదివింది. "అన్నీ రాశారు, ఒక్కటి తప్ప" అని కలం మళ్లీ నా చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంది. ఇంకా అక్కడే ఉంది.

ఆ తీగ కలిపింది నేను.

మీ అమ్మ దీపం మాటే అడిగింది, బ్యాటరీ మాట అడగలేదు. ఎలక్ట్రికల్ ఇంజినీర్ని, నాకు తెలియకపోవడం ఏమిటి? రెండు రోజుల్లో వచ్చి మారుద్దామనుకున్నాను, మరిచిపోయాను. ఇది నేను జూలైలో కనిపెట్టిన సంగతి కూడా కాదు. ఆ ఉదయం మీ ఇంటికొచ్చి ట్రక్కు తలుపు తియ్యగానే తెలిసిపోయింది. బల్బులో వత్తి ఎర్రగా, పోతూ పోతూ ఉంది. హెడ్‌లైట్ల నాబ్ లోపలికే ఉంది, అంటే లైట్లు ఆపే ఉన్నాయి.

కారు ఫ్రీవే ఎక్కాక మీ నాన్న అడిగాడు, ఆ బల్బు కీ మీదే కలిపావు కదా అని. నువ్వు వెనక సీట్లో ఉన్నావు, నీకూ గుర్తుండే ఉంటుంది. "కీ మీదేరా. హెడ్‌లైట్ల నాబ్ బయటికి లాగి ఉంది, నేనే లోపలికి నొక్కాను" అన్నాను. వాడు నమ్మేశాడు. ఆసుపత్రి మెట్ల మీద నీకు చెప్పాడు, తప్పు నాదేనమ్మా అని. నేను పక్కనే నిలబడి విన్నాను.

ఆ రోజు చెబితే నువ్వు నన్ను అసహ్యించుకునేదానివి, అంతేగా. దానికి భయపడి వాడిని నీకు పరాయివాణ్ణి చేశాను. నువ్వు ప్రతి ఫాదర్స్ డేకి కార్డు పంపిస్తే గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకుంటూ తీసుకున్నాను. ఒక్కటీ గోడకి పెట్టలేదు. క్షమించమని అడిగే మొహం లేదు, అడగను.

గురువారం మీ నాన్నని మా గరాజ్‌కి పిలిచి, ఆ తీగ చేతిలో పెట్టి చెప్పేశాను. ఎక్కి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. "నిధికి చెప్పావా?" అని ఒక్కటే అడిగాడు. లేదన్నాను. తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయాడు.

మూడు రోజులుగా నా ఫోన్ ఎత్తడం లేదు. నువ్వు చేస్తే ఎత్తుతాడు.