పన్నెండింటికి బస్రా

4 నవంబరు 1957, కొల్లాపూర్ క్యాంపు

గుడివాడలో పుట్టి, మద్రాసులో వైర్‌లెస్ పరీక్ష ఫస్టు క్లాసులో పాసై, చివరికి ఈ రాళ్లగుట్టల్లో పడ్డాను. ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పుకోవటానికి సిగ్గు. పొద్దున కూలీలు కృష్ణలో నీటిమట్టం కొలిచి చీటీ ఇస్తారు. నేను జీపులో గుట్టెక్కి, సరిగ్గా పన్నెండింటికి ఆ అంకెను కల్వకుర్తి క్యాంపుకి వైర్‌లెస్‌లో చదవాలి. ఒక్క అంకె. జీపులో ఉన్న సెట్టు నలభై మైళ్లు అందుకుంటే గొప్ప.

డ్రైవరు పేరు జాఫర్. నలభై అయిదేళ్లుంటాయి. బీడీ కాల్చి పొగ నా మొహం మీదికే వదులుతాడు. ఏమిటిదంటే, జర ఓపిక పట్టుండ్రి సారూ, పొగ ఎటు పొయ్యేది అటు పోతది అంటాడు. ఎటు పోతుంది? నా ముక్కులోకే పోయింది.

9 నవంబరు

కడుపునొప్పిగా ఉందన్నాను. దవాఖానకు తోల్కపోతా అన్నాడు. దాన్ని తెలుగులో ఆసుపత్రి అంటారని చెప్పాను. మీ తెలుగు సినిమాలల్ల మంచిగుంటది సారూ, కడుపు నొస్తే అక్కరకు రాదు అన్నాడు. వీడి నోటికి హద్దు లేదు. రఘుపతిగారికి ఫిర్యాదు చేశాను. ఆయన క్యాంపు ఇంజనీరు. జీపు నడుస్తోందా లేదా అని మాత్రం అడిగాడు.

12 నవంబరు

జాఫర్‌తో మాట్లాడటం మానేశాను. ప్రాణానికి హాయిగా ఉంది.

18 నవంబరు

అంకె చదివాను. కల్వకుర్తి పలకలేదు. దాని బదులు ఎవరో ఇద్దరు మగవాళ్లు, పక్క గదిలో ఉన్నంత స్పష్టంగా, నాకు తెలియని భాషలో పోట్లాడుకుంటున్నారు. కల్వకుర్తి ఆపరేటరు తాగి ఆటలాడుతున్నాడనుకున్నాను.

జాఫర్ బీడీ పారేశాడు. స్పీకరు దగ్గర చెవి పెట్టి, అరబ్బీ సారూ, గిది బస్రా మాట అన్నాడు. యుద్ధంలో మూడేళ్లు అరబ్బుల దేశంలో, ఆ బస్రా ఊళ్లో మిలిటరీ లారీ తోలాడట. రెండు వేల మైళ్ల అవతలి మాట నలభై మైళ్ల సెట్టులోనా, నీ మొహం అన్నాను. కోపం తెచ్చుకోలేదు. గాళ్లు గూడ లారీలోళ్లే, నీళ్ల బండి ఆగిపొయ్యిందంట, ఒకడు ఇంకోణ్ణి మంచిగ తిడుతున్నడు, గీ తిట్లు ఇని పన్నెండేండ్లాయె అని నవ్వుతూ కూర్చున్నాడు. గుట్ట దిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

23 నవంబరు

రోజూ వస్తున్నారు. పన్నెండు దాటాక అరగంట, ముప్పావుగంట. తరవాత చెరిపేసినట్టు పోతుంది.

ఇవాళ నేనే మైకు నొక్కి, హలో బస్రా, దిసీజ్ కొల్లాపూర్, అని మూడుసార్లు అన్నాను. మంచి ఇంగ్లీషులో అన్నాను. వాళ్లు ఒక్క క్షణం ఆగి, పకపకా నవ్వి, మళ్లీ వాళ్ల గొడవలో పడ్డారు. జాఫర్ చెయ్యి చాపాడు. ఒక్కపారి ఇయ్యుండ్రి సారూ, సలాం చెప్తా అన్నాడు.

డ్రైవరు సెట్టు ముట్టుకోకూడదని రూలు. అయినా ఇచ్చాను. జాలిపడి కాదు. నాకు పలకని వాళ్లు వీడికి పలుకుతారా, చూసి నవ్వుదామని ఇచ్చాను.

పలికారు. వీడు నాలుగు ముక్కలన్నాడో లేదో అవతల కేకలు. పేరడిగారట, జాఫర్ అని చెప్పాడు. ఊరడిగారు, దక్కన్ అన్నాడు. వాగు పక్కన తను చాయ్ తాగిన హోటలు ఉందా అని అడిగితే ఉందన్నారట. ముసలాయన పోయాడు, కొడుకు నడుపుతున్నాడన్నారట. ఇదంతా నాకు చెబుతూ జాఫర్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. కుళ్లుకున్నాను. ఇక్కడ కూడా దాస్తే ఇంక డైరీ ఎందుకు?

లాగ్ పుస్తకంలో, బస్రా, టూ వే కాంటాక్ట్, రెండు వేల మైళ్లు అని రాశాను. ఎవరు మాట్లాడారో రాయలేదు. ఆపరేటర్ని నేనే కదా. మద్రాసులో నాతో చదివినవాళ్లలో ఒక్కడూ ఇంత దూరం పట్టి ఉండడు. ప్రమోషను రావచ్చు.

2 డిసెంబరు

ప్రమోషను కాదు, మెమో వచ్చింది. ఎంట్రీ అబద్ధమైతే డిస్మిస్. నిజమైతే పరదేశంతో అనుమతి లేకుండా మాట్లాడినందుకు డిస్మిస్, పైగా పోలీసు కేసు. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. నేనింకా టెంపరరీ. కొరివితో తల గోక్కున్నాను.

3 డిసెంబరు

సంజాయిషీ నాలుగుసార్లు రాశాను. నాలుగోది బాగా వచ్చింది. నేను జీపు దిగి పక్కకు వెళ్లిన సమయంలో, అరబ్బీ తెలిసిన డ్రైవరు నా అనుమతి లేకుండా సెట్టు వాడాడు, తెలిసిన వెంటనే నిజాయితీగా లాగ్‌లో ఎక్కించాను. మొదట అనుకున్న అబద్ధం జీపు దిగాననే ఒక్కటే. మిగతావి దాని వెనకే వచ్చాయి.

5 డిసెంబరు

విచారణ జరిగింది. రఘుపతిగారు జాఫర్‌ను అరబ్బీ ఎందుకు నేర్చుకున్నావని అడిగాడు. సర్కారే తోలింది, సర్కారు పనిమీదనే నేర్సిన అన్నాడు. మైకు గీ సారే ఇచ్చిండు, ఎదురుంగనే ఉన్నడు, అడుగుండ్రి అన్నాడు. రఘుపతిగారు నా వైపు చూశాడు. లేదన్నాను.

జాఫర్ బతిమాలతాడనుకున్నాను. నవ్వాడు. గీ సారు గుట్ట మీద జీపే దిగడు, పాములంటే పానం పోతది, గిది క్యాంపుకంత ఎరుకే అన్నాడు. ప్యూను కిసుక్కుమన్నాడు. రఘుపతిగారు ఇద్దర్నీ నోర్మూయమన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదని జాఫర్‌ను పనిలోంచి తీసేశాడు. జాఫర్ తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. పదకొండేళ్ల సర్వీసట. పాముల మాట మాత్రం అనకుండా ఉండాల్సింది.

8 డిసెంబరు

జాఫర్ భార్య అన్వరీ బేగం నా డేరా ముందుకొచ్చి నిలబడింది. మా ఆయిన మాట నడవది, మీ రాత నడుస్తది, నిజం రాసియ్యుండ్రి అంది. వెళ్లమన్నాను. నేను ఏడుస్త అనుకుంటున్నరా, ఏడువ అంది. మీరు రాసేదాంక దినాం మీ పేరు పెట్టి తిడతా, పొయ్యి అంటువెట్టేటప్పుడు ఒకపారి, దీపం ముట్టిచ్చేటప్పుడు ఒకపారి అని లెక్కగా చెప్పి వెళ్లింది.

9 డిసెంబరు

టీ ఒలికి చెయ్యి కాలింది. ఇలాంటివి నేను నమ్మను.

21 డిసెంబరు

అన్ని క్యాంపులకీ సర్క్యులర్ వచ్చింది. ఈ ఏడు సూర్యుడి మీద మచ్చలు మామూలు కంటే ఎక్కువట. అందువల్ల మధ్యాహ్నం పూట జీపు సెట్లలో వేల మైళ్ల దూరపు మాటలు వినపడుతున్నాయట. మా ఒక్క క్యాంపులోనే కాదు, చాలాచోట్ల. ఆపరేటర్ల తప్పు లేదు, విన్నది విన్నట్టు లాగ్‌లో రాస్తే చాలు. నా మీద మెమో రద్దు.

జాఫర్ సంగతేమిటని రఘుపతిగారిని అడిగాను. అడిగాననే రాసుకుంటున్నాను. అతని ఫైలు వేరయ్యా అన్నాడు. బస్రా వినపడినందుకు కాదు, ఆపరేటరు అనుమతి లేకుండా సెట్టు ముట్టుకున్నందుకు పోయింది ఉద్యోగం, ఆ మాట రాసింది నువ్వే, మార్చాలంటే నువ్వే మార్చాలి అన్నాడు. అప్పుడు నీ ఫైలు మళ్లీ తెరుస్తారు అని కూడా అన్నాడు. తెల్లకాగితం నా ముందుకు తోశాడు. ఆలోచించుకుని చెబుతానన్నాను.

28 డిసెంబరు

బ్యాటరీ మార్చటానికి కల్వకుర్తి వెళ్లాను. బస్టాండులో జాఫర్, అన్వరీ బేగం, పరుపుచుట్ట, రెండు ట్రంకు పెట్టెలు. రాయచూరులో ఎవరిదో లారీకి క్లీనరు పని దొరికిందట. నలభై అయిదేళ్ల మనిషికి క్లీనరు పని.

నా వైపే వచ్చాడు. కొడతాడనుకుని జీపు డోరు పట్టుకున్నాను. దగ్గరికొచ్చి, గాళ్లు మల్ల మాట్లాడిన్రా సారూ, నన్ను అడిగిన్రా అన్నాడు. నిన్నెవడు అడుగుతాడు అన్నాను. అబద్ధం కాదు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

అడుగుతరు అన్నాడు. అడిగితే జాఫర్ డ్యూటీ మీద దూరం పొయ్యిండని చెప్పుండ్రి, నౌకరి పొయ్యిందని చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది అన్నాడు. నాకు అరబ్బీ రాదన్నాను. రెండు మాటలే సారూ అని నేర్పబోయాడు. టైము లేదన్నాను. అన్వరీ బేగం నా జీపు చక్రం మీద ఉమ్మి బస్సెక్కింది.

2 జనవరి 1958, మధ్యాహ్నం 12.15

జాఫర్, జాఫర్ అని పిలిచారు. నాలుగుసార్లు. మైకు నా చేతిలోనే ఉంది. ఎవర్ని పిలుస్తున్నరు సారూ అని కొత్త డ్రైవరు బీరన్న అడిగాడు. ఎవర్నీ కాదన్నాను. లాగ్‌లో నిల్ అని రాశాను.