తల్లి వచ్చేదాకా

నేను, హన్నా లెర్నర్‌ను. వియన్నా నగరంలో పళ్ళ డాక్టరుగా ఉండిన కీర్తిశేషులు యాకోబ్ లెర్నర్ గారి కుమార్తెను, నరసాపురంలో నర్సు కీర్తిశేషులు కృపాబాయి గారి ఇంట పెరిగినదాన్ని, యూదు మతస్థురాలిని, భారత పౌరురాలిని, వయస్సు నలభై తొమ్మిది. ప్రస్తుతం ఒమాన్ దేశంలోని సలాలాలో నర్సుగా పనిచేస్తూ, గుండె బలహీనమైనా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేతితో రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే నెల ఆపరేషనుకు వెల్లూరు వెళ్తున్నాను. తిరిగి వస్తే దీన్ని చింపేస్తాను. జర్మను నా పుట్టుభాషే అయినా అందులో రాయడం లేదు. అందులో నా చదువు పన్నెండో ఏట ఆగిపోయింది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా ఆసుపత్రిలో మందుల గది చూసే సత్యరాజుకు అప్పగిస్తున్నాను. మాట తక్కువ మనిషి. చెప్పిన పని మరిచిపోడు.

2. నాకు రక్తసంబంధమున్న వారసులు ఎవరూ కనబడలేదు. రేపు ఎవరైనా అడగవచ్చు గనుక ఎందుకో రాస్తున్నాను. 1939లో నాజీలు మా నాన్న వైద్యం చేసే గదికి తాళం వేశాక, దేశం దాటడానికి నాన్నకూ నాకూ ఇద్దరికే అనుమతి దొరికింది. తమ్ముడు ఎమిల్‌కు కోరింత దగ్గు. అమ్మ వాడితో ఆగిపోయింది. "మేం తరువాతి ఓడకి వచ్చేస్తాం. గాలి వచ్చే ఇల్లు చూసిపెట్టండి" అంది రైలు కిటికీ దగ్గర, పక్క వీధికి సాగనంపుతున్నట్టు. సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. వాళ్ళు రాలేదు.

మేం ఓడ దిగిన బొంబాయిలోనే, ఆ చలికాలంలో నాన్న టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో చేరాడు. ఆయనకు సేవ చేసిన నర్సు కృపాబాయి. నాన్న తనకు వచ్చిన కాస్త ఇంగ్లీషులో "దీని తల్లి వచ్చేదాకా" అని నా చెయ్యి ఆమె చేతిలో పెట్టి కన్నుమూశాడు. శరణార్థుల సంఘం గుమాస్తా నన్ను అనాథ అని రాయబోతే ఆమె కలం పట్టుకుని ఆపింది. "తల్లుందని రాయండి. ఎక్కడుందో తెలీదు, అంతే" అంది. అలా రాయించాకే నన్ను తన ఊరు నరసాపురం తీసుకొచ్చింది.

3. నా ఇత్తడి దీపపు సెమ్మెలు రెండూ, కుట్టు మిషనూ, బ్యాంకులో ఉన్నదంతా కృపాబాయి గారి కూతురు మణికుమారికి చెందాలి. ఇదే ఆసుపత్రిలో నర్సు. నాకు చెల్లెలు. ఆ సెమ్మెలు వాళ్ళమ్మ నాకోసం కొన్నవి. శుక్రవారం పొద్దుగుంకితే మా ఇళ్ళలో దీపం వెలిగిస్తారని నేను సైగలతో చెబితే, ఆ వారమే కొబ్బరినూనె పోసి వెలిగించింది. ఊళ్ళో నన్ను జర్మనీ పిల్ల అనేవారు. ఆ జర్మనీ వాళ్ళే నన్ను తరిమారని చెప్పడానికి అప్పటికి నాకు తెలుగు రాదు. రాత్రిళ్ళు దుప్పట్లో నోరు మూసుకుని ఏడిస్తే ఆమే దుప్పటి తీసేది. "నీ బాసలోనే ఏడవ్వే. మాకు తెలుస్తాదిలే" అనేది.

ఆమెను అమ్మా అని పిలవనివ్వలేదు. "పిన్నీ అను. అమ్మ వస్తాది గదా" అనేది. అప్పట్లో నాకది చెంపదెబ్బలా తగిలేది.

4. ఆ ఊరి క్రైస్తవుల గుడికి నా ఆస్తిలోంచి గంట కాదు గదా, గంట తాడు కూడా పోకూడదు. అప్పటి పాస్టరు నాకు బాప్తిస్మం ఇచ్చి పేరు మార్చుతానన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు. "ఇది ఎరువు తెచ్చుకున్న బిడ్డ అయ్యగారూ. రేపు వాళ్ళమ్మొచ్చి నా హన్నా ఏదీ అంటే, పేరు మార్చి చేతిలో పెట్టనా?" అంది. ఏడాది పొడుగునా ఆయన ఆమెకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇవ్వలేదు. ఆదివారం ఆదివారం వెళ్ళి, వెనక చాపమీద కూర్చుని, తనే పాట అందుకుని వచ్చేది. ఆమె క్షమించింది. నేను క్షమించలేదు.

5. యుద్ధం ముగిశాక రెండేళ్ళకు కబురొచ్చింది. అమ్మనూ ఎమిల్‌నూ తూర్పుకు పోయే రైలెక్కించారు. ఆ తరువాత వాళ్ళ జాడ లేదు. ఆ రోజు పిన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇంక అమ్మా అనొచ్చే. నీకిష్టమైతేనే" అంది. అయినా ఆమె పోయేదాకా పిన్ని అనే పిలిచాను. ఆ పిలుపులో ఏముందో ఆమెకు తెలుసు.

నేను ఎక్కడ పోతే అక్కడే పూడ్చండి. శిలువ వద్దు. మా ప్రార్థనకు మావాళ్ళు పదిమంది మగవాళ్ళు కావాలి, దొరకరు. మణికుమారి తనకొచ్చిన పాట పాడుకోవచ్చు.

6. ఆయా గౌహర్‌కు ఏదైనా రాద్దామనుకున్నాను. ఈ వీలునామాకు ఆమె సాక్షి, సాక్షికి ఆస్తి రాయకూడదట. అందుకని నా నూలు చీరలు నిన్ననే ఇచ్చేశాను.

7. నా ట్రంకు పెట్టెలో ఉన్న నీలం ఉన్ని కోటు తుఫూల్ అనే పిల్లకు చెందాలి. ఇక్కడి కొండల్లో యుద్ధం జరుగుతుండగా ఓ గూడెం చెదిరిపోయి, ఒంటరిగా దొరికిన పిల్లను సైనికులు మా వార్డుకు తెచ్చారు. అప్పటికి ఐదేళ్ళుంటాయి. మాట్లాడేది కాదు. వార్డులో అంతా మేరీ అనడం మొదలుపెట్టారు. నేను అననివ్వలేదు. కొండభాష వచ్చిన ప్రతి రోగినీ ఆ మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. చివరికి ఓ ముసలామె అడిగితే పిల్ల తన పేరు చెప్పింది. ఆ పిల్ల నన్ను అమ్మా అనబోతే, "ఖాలా అను" అన్నాను. ఇక్కడ పిన్నిని అలాగే అంటారు. గౌహర్‌కు కోపమొచ్చింది. "గట్లెందుకు సిస్టర్? పోరి నోరారా అమ్మీ అంటే అననియ్యరాదు?" అంది.

యుద్ధం ఆగాక, కిందటేడు, సరిహద్దు అవతలనుంచి నడిచొచ్చిన ఆడవాళ్ళలో ఒకామె వార్డు గుమ్మంలో నిలబడి తుఫూల్ పేరు పిలిచింది. పిల్ల గుర్తుపట్టలేదు. నా వెనక దాక్కుని నా బట్టలు గట్టిగా పట్టుకుంది. ఆ క్షణాన ఆ పిడికిలి అలాగే ఉండాలని నాకు అనిపించింది. ఆమె దగ్గరికి రాలేదు. నేలమీద కూర్చుని, మేకల్ని ఇంటికి మళ్ళించేటప్పుడు కొండవాళ్ళు వేసే కూత నెమ్మదిగా వేసింది. మళ్ళీ వేసింది. పిల్ల తల బయటికి పెట్టింది. పిడికిలి వదులైంది. నా తల్లి రాలేదు. ఒక తల్లి రావడం మాత్రం కళ్ళారా చూశాను. పిన్ని ఎవరికోసం అన్నేళ్ళు చోటు ఖాళీగా ఉంచిందో ఆ రోజు నాకు అర్థమైంది.

ఆ కోటు మా అమ్మ కుట్టింది. నరసాపురంలో దాని అవసరం ఏనాడూ రాలేదు. పిన్ని వేపాకు వేసి దాచింది. జల్లుల కాలంలో తుఫూల్ ఉండే కొండమీద చలి ఎక్కువ. ఇప్పటికి కాస్త వదులవుతుంది. చేతులు మడిచి తొడగమని వాళ్ళమ్మతో చెప్పండి.

ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. చదువుకుని, సరిచూసుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

సలాలా, 1977 మార్చి 11.

(సంతకం) హన్నా లెర్నర్

సాక్షులు:
1. అమోసు, వార్డు బాయ్, స్వస్థలం పాలకొల్లు
2. గౌహర్ బేగం, ఆయా, స్వస్థలం నిజామాబాదు